బీర్కూర్ బస్సు ఎక్కిన సామాను

మా కంప్యూటర్ అక్క పోయిందని ఆమె తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను హైదరాబాద్‌ల ఆఫీసు మెట్లు ఎక్కుతున్న. "పొద్దున చాయ తాగుకుంట కూసున్నది, కూసున్న కాడనే ఒరిగింది. దవాఖాన దాంక సుత పోలే," అన్నడు. నేను ఆడనే మెట్టు మీద కూసున్న. ఏం అడగాలెనో తెల్వక, "మరి బీర్కూర్‌ల ఈయేడు నీళ్ల వంతుల జాబితా ఎవరు తీస్తరు?" అని అడిగిన. మనిషి పోయిందంటే అడిగే మాటనా అది? కని ఆయన నారాజ్ కాలే. "అది నడుస్తదక్కా. నేను లేకున్న నడవాలె అని అక్క ఎప్పుడు చెప్పేది గద," అన్నడు.

చెప్పేది, నిజమే. ఆమె పట్టుబట్టిన ముచ్చట ఒక్కటే ఉండె, అది ఇదే. కని ఆమె ఉన్నన్ని రోజులు ఆ మాట నిజమో కాదో ఎట్ల తెలుస్తది? ఇగ ఇప్పుడు తెలుస్తది. చూసి రావాలె అని ఆ మెట్టు మీదనే అనుకున్న.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. బాన్సువాడ బస్టాండుకు దగ్గర్ల ఎరువుల దుకాణం మీద ఒక అర్ర కిరాయికి తీసుకొని కంప్యూటర్ నేర్పేది. ఊరంత అక్క అనే పిలిచేది, ఆమె కన్న పెద్దోళ్లు సుత. ఆమెది తండా. ఇంట్ల వాళ్ల భాష, బయట తెలుగు. వాళ్ల యాడి, అంటే అమ్మ, వారానికోపారి వచ్చి అర్రల ఒక మూలకు కూసొని బిడ్డను చూసుకుంట ఉండేది. ఇగ నా దిక్కు తిరిగి, బిడ్డకు వినవడేటట్టు తెలుగుల, "పొద్దటి సంది చూస్తున్న, ఇది ఒక్క పని చేసింది లేదు. టీవీ ముంగట కూసున్నట్టు కూసున్నది," అనేది. అక్క నవ్వి, కండ్లు తెర మీదికెల్లి తియ్యకుంటనే తల్లికి వాళ్ల భాషల ఏదో జవాబు చెప్పేది.

నాది బీర్కూర్. మాది వ్యవసాయం. డిగ్రీ అయినంక ఇంట్ల కూసోబుద్ధి కాక రోజు బస్సుకు వచ్చి ఆమె దగ్గర నేర్చుకున్న. నేర్చుకునుడు అయిపోయినంక సుత పోలే, ఆడనే పనికి కుదిరిన. తొంబైల ఆఖరు రోజులు అవి. రెండే కంప్యూటర్లు ఉండె. కింది దుకాణం దుమ్ము పైకి వస్తదని వాటికి పాత చీరెలతోని గలీబులు, అంటే తొడుగులు, కుట్టింది అక్క. నేను నోరున్నదాన్ని, ఇప్పటికి అంతే. అక్క పది మాటలకు ఒక మాట మాట్లాడేది. ఆ ఒక్కటి మాత్రం ఇంటికి పోయినంక సుత చెవుల ఉండేది.

నేర్పుడు ఒక పని, ప్రోగ్రాములు రాసుడు ఇంకో పని. బీర్కూర్‌ల నీటి సంఘానికి ఒక ప్రోగ్రాం రాసిచ్చింది. నిజాంసాగర్ కాలువ మీద మా దిక్కు తూములు ఉన్నయి గద, తక్కువ నీళ్లున్న ఏడు ఏ తూముకు ఏ రోజు నీళ్లు వదలాలె అని అది లెక్కగట్టి జాబితా ఇస్తది. అంతకు ముందు జాబితా చేత్తోని రాసేది. ఎవరు రాస్తే వాళ్ల మీద అనుమానం. నీ సుట్టానికి ఎక్కువ పెట్టినవంటే నీ సుట్టానికి పెట్టినవని కొట్లాట. కంప్యూటర్‌కు సుట్టాలు లేరని జనం ఒప్పుకున్నరు.

ఇగ ప్రోగ్రాం ఇస్తే సరిపోదు. దాన్ని ఎట్ల నడపాలె, తూము ఒకటి మూస్తే ఏం మార్చాలె, కొత్తది తెరిస్తే ఏం చెయ్యాలె అని ఒక పుస్తకం ఉండాలె. అక్క పానం మొత్తం ఆ పుస్తకం మీదనే. అయితే దాన్ని వేరే కూసొని రాయనియ్యకపోయేది. ప్రోగ్రాం లోపలనే, ఒక్కొక్క ముక్క మీద, ఇది దేనికి, ఎట్ల మార్చాలె అని రెండు మాటలు రాసి పెట్టాలె. ఆ మాటలన్ని ఏరి, వరుసగ పేర్చి, పుస్తకం చేసి ఇచ్చే సామాను, అది సుత ఒక ప్రోగ్రామే, వేరే దొరుకుతది. ప్రోగ్రాం మారినప్పుడల్ల ఆ సామాను ఒకపారి నడిపితే పుస్తకం సుత మారుతది. "వేరే రాసిన పుస్తకం రెండు నెలలకే అబద్ధాలు మొదలువెడ్తది," అనేది అక్క. ఈ మాట మీద నేను ఇప్పటికి ఉద్యోగం చేస్తున్న.

మరి ఏ సామాను పట్టుకోవాలె? గదీ అసలు ముచ్చట. గప్పుడు కంప్యూటర్ పత్రికతోని ఒక సీడీ వచ్చేది. దాని నిండ అసుంటియే. ఒకటి రంగులు వేస్తది, ఒకటి బొమ్మలు పెడ్తది, ఒకటి మిషన్ల ఎక్కంగనే ఇంకో నాలుగింటిని తోడు తెచ్చుకుంటది. అక్క వాటి దిక్కు చూసి, "ఇంట్ల కాలువెట్టంగనే మంచం అడిగే సుట్టాన్ని పిలుస్తమా?" అనేది. ఆమెకు కావల్సింది ఒక్క ఫ్లాపీల పట్టాలె, మిషన్ల ఏం ఎక్కియ్యకుంట ఫ్లాపీల ఉన్నది ఉన్నట్టే నడవాలె, అది చేసిన పుస్తకం ఏ మిషన్ల అయినా తెరుచుకోవాలె. దీన్ని చూసెతందుకు ఆమె పెట్టిన పరీక్ష పేరు బీర్కూర్ బస్సు.

నవ్వకుండ్రి. నిజంగ బస్సే. మా అర్రల నడిస్తే నడిచినట్టు కాదు. దాన్ని ఫ్లాపీల వేసుకొని, బస్సెక్కి బీర్కూర్ పోయి, నీటి సంఘం అర్రల ఉన్న పాత మిషన్ల పెట్టి చూడాలె. ఆ మిషన్‌ను అక్క ఎన్నడు ముట్టుకోకపోయేది, దాంట్ల మా సామాను ఏది లేకుండ చూసుకునేది. ఆడ నడిస్తేనే నడిచినట్టు. ఫ్లాపీలను స్టీలు టిఫిన్ బాక్సుల పాత బట్టల చుట్టి పెట్టేది. బస్సుల పాటల స్పీకర్ కింది సీట్ల కూసోవద్దు. స్పీకర్ల అయస్కాంతం ఉంటది, ఫ్లాపీ మీద రాత పోతదని ఆమె భయం. అన్ని సీట్లు నిండి అదొక్కటే ఖాళీ ఉన్నా, మేము నిలబడే పోయినం. కండక్టర్ మమ్మల్ని చూసి, "ఏంది అమ్మా, సీటుకు ముళ్లున్నయా?" అనేది. వాపస్ వచ్చినంక ఎరువుల కంపెనీ క్యాలెండర్ల ఆ తారీఖు మీద నడిచింది, లేకుంటే నడువలే అని అక్క రాసుకునేది. రెండే జవాబులు. "జర నడిచింది" అంటే నడువలే అన్నట్టే.

చివరికి పరీక్ష గెలిచింది ఒక చిన్న సామాను. నల్లటి తెర, రంగు లేదు, బొమ్మ లేదు. అది చేసిన పుస్తకం ఉత్త అక్షరాల వరుస. అది సుత తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాలల్ల. ఎందుకంటే గప్పుడు తెలుగు అక్షరాలకు ఫాంటు వేరే ఎక్కియ్యాలె, ఫాంటు లేని మిషన్ల అంత పిచ్చి గీతలు వస్తయి. ఇంగ్లీషు అక్షరాలు ఏ మిషన్ల అయినా ఉంటయి. అక్కకు సాలు. నాకు మాత్రం ఒళ్లు మండేది. మన రైతులు చదివే పుస్తకం, మన అక్షరాలల్ల లేకుంటే ఎట్ల?

అందుకని నేను ఒకటి పట్టుకొచ్చిన. సీడీల దొరికింది. ఎంత ముద్దుగ ఉండె! ఎడమ దిక్కు పేర్లు, నొక్కితే కుడి దిక్కు పేజీ, నీలి రంగు పట్టీలు, గుండ్రటి తెలుగు అక్షరాలు. ప్రోగ్రాంల అక్క రాసిన మాటలు చూసి, దాంట్ల నా చేతితోని తెలుగుల మళ్ల ఎక్కిచ్చిన. రెండు నెలలు పట్టింది. అక్క అంత చూసి, "మంచిగున్నది. బస్సెక్కియ్యి," అన్నది.

ఎక్కిచ్చిన. బీర్కూర్‌ల అది తెరుచుకోనే లేదు. ఏదో ఫైలు లేదన్నది. అది పెడితే ఇంకోటి లేదన్నది. అవన్ని అయినంక అక్షరాల కాడ పిచ్చి గీతలు. నా సొంత ఊర్ల, సంఘం గుమస్తా అన్న ముంగట, నాకు తలకొట్టేసినట్టయింది. మరునాడు మా ఇంటికెల్లి బాన్సువాడకు పోయి, ఏడు ఫ్లాపీలు నింపుకొని, అక్కకు చెప్పకుంట వాపస్ వచ్చిన. ఆ మిషన్ల దానికి కావల్సినయి అన్ని ఎక్కిచ్చిన, ఫాంటు సుత. ఇగ అది మెరిసింది. గుమస్తా అన్న, "అబ్బ, పెండ్లి పత్రిక లెక్క ఉన్నదమ్మా," అన్నడు.

"నడిచింది అక్కా," అని చెప్పిన.

"ఒక్క ఫ్లాపీయేనా?"

"ఒక్కటే."

అక్క క్యాలెండర్ల నడిచింది అని రాసింది. నేను పక్కకు తిరిగి మిషన్ మీది గలీబు సవరించిన. ఆమెతోని నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. రాసెతందుకు ఇప్పుడు సుత సిగ్గయితున్నది, అయినా రాస్తున్న.

ఒక రెండేండ్లకు యాసంగి పంటకు నిజాంసాగర్‌ల నీళ్లు తక్కువ పడ్డయి. కాలువకు ఇన్ని రోజులే నీళ్లిస్తమని ముందే చెప్పిండ్రు. అదే సమయంల కరెంటు ఎక్కువ తక్కువై సంఘం మిషన్ కాలిపోయింది. ఎవరి దగ్గరనో ఇంకోటి అడిగి తెచ్చిండ్రు. అక్క ప్రోగ్రాం ఫ్లాపీల ఉండె, పెట్టంగనే నడిచింది, జాబితా ఇచ్చింది. కని నడుమ ఒక తూము తలుపు విరిగితే దాన్ని మూసేసిండ్రు, దాని కింది మడులను పక్క తూముకు కలిపిండ్రు. ఆ సంగతి ప్రోగ్రాంకు తెల్వదు. మూసిన తూముకు సుత రెండు రోజులు ఇచ్చుకుంట పోయింది. దాంతోని చివరి తూము వంతు, కాలువ బంద్ అయినంక పడ్డది. చివరి తూము కింద నలభై ఇండ్లోళ్ల వరి ఉన్నది, పొట్టకచ్చి ఉన్నది. దాంట్ల మా బాపు మడి ఒకటి.

అందరు సంఘం అర్రకు వచ్చిండ్రు. లష్కర్, అంటే తూములు తెరిచి మూసేటాయన, జాబితా కాయితం కావాలె, లేకుంటే తాళం తియ్య అని తలుపు కాడ నిలవడ్డడు. గుమస్తా అన్న, "తూము తీసేసుడు ఎట్లనో పుస్తకంల ఉంటది, నువ్వే చేసినవు గద, తియ్యమ్మా," అన్నడు. తీసిన. కొత్త మిషన్‌ల ఆ ఫైళ్లు ఉండె గని, నేను చాటుంగ ఎక్కిచ్చిన ఫాంటు లేదు. నీలి పట్టీలు మాత్రం వచ్చినయి, వాటి నడుమ పిచ్చి గీతలు. ఆ ముక్క ప్రోగ్రాంల అక్క రాసింది. దాని మాటలను నేను అందంగ ఎక్కిచ్చిన గని మనసువెట్టి చదువలే, యాదికి రాలే. మా బాపు నా వెనుకకెల్లి తెర దిక్కు చూసి చూసి, "రంగులు మంచిగున్నయి బిడ్డా. నీళ్లేవి?" అన్నడు.

ఆ మాటకు నేను ఏడ్వలే. బాన్సువాడ బస్సెక్కిన. అక్క ముంగట నిలబడి, ఏడు ఫ్లాపీల సంగతి మొత్తం చెప్పిన. తిడుతదనుకున్న, తిట్టలే. "సామాను కోసం మిషన్‌ను తయారు చేసినవు. మిషన్ ఎట్లుంటే అట్ల నడిచే సామాను తయారు చేసుకోవాలె," అన్నది. అంతే. ఇగ లేచి, ప్రోగ్రాం ఫ్లాపీ పెట్టి, ఆ నల్ల తెర సామాను నడిపింది. లోపలి మాటలన్ని ఏరుకొని అది పుస్తకం చేసింది. ప్రింటర్ కిర్రుకిర్రుమనుకుంట పదకొండు పేజీలు ఇచ్చింది. నేను రెండు నెలలు చేసిన పని దానికి చాయ చల్లారకముందే అయిపోయింది.

ఇద్దరం బీర్కూర్ బస్సెక్కినం. టిఫిన్ బాక్సు అక్క ఒళ్లె, కాయితాలు నా ఒళ్లె. సంఘం అర్రల జనం ఇంకా ఆడనే ఉన్నరు. "అక్కచ్చింది, అయిపోతది," అన్నరు ఎవరో. అక్క మిషన్ ముంగట కూసోలే. గుమస్తా అన్నను కూసోవెట్టి, కాయితాలు చేతికిచ్చి, "మీరు చదువుండ్రి, మీరే చెయ్యుండ్రి," అన్నది. నేను ఉండవట్టక కీబోర్డు దిక్కు వంగితే, "నువ్వు ముట్టకు," అన్నది. తన రెండు చేతులను కొంగుల చుట్టుకొని గోడకు ఆనుకొని నిలవడ్డది. ఆమెకు అది రెండు నిమిషాల పని. మా బాపు మడి ఎండుతున్నదని తెలుసు, నలభై మంది తన మొఖం చూస్తున్నరని తెలుసు. అయినా చేతులు బయటికి తియ్యలే.

గుమస్తా అన్న ఆ ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుంట పైకి చదివిండు. "మూసిన... తూము... నంబరు... ఇక్కడ వెయ్యాలె. దాని మడులు... ఏ తూముకు కలుస్తయో... ఆ నంబరు పక్కన వెయ్యాలె." కండ్లతోని చూస్తే అది ఏ భాషనో తెల్వదు గని, చెవులల్ల పడేసరికి సక్కటి తెలుగు. చదువురాని ముసలాయన ఒకాయన తలుపు కాడికెల్లి, "గదే, గదే, పక్క తూముకు కలిపినం గద, పదమూడు వెయ్యి," అన్నడు. అన్న వేసిండు. ఒకపారి తప్పు వేసిండు, పుస్తకంల తప్పు వేస్తే ఏం చెయ్యాలెనో సుత ఉన్నది, అది చదివి సరి చేసుకున్నడు. కొత్త జాబితా వచ్చింది. చివరి తూముకు బంద్ కన్న ముందు రెండు రోజులు పడ్డయి. లష్కర్ కాయితం తీసుకొని తాళం చేతుల గుత్తి నడుముకు చెక్కుకొని పోయిండు. గప్పుడు అక్క కొంగుల నుంచి చేతులు తీసి, మంచినీళ్లు అడిగింది.

బాన్సువాడ అర్రకు వచ్చినంక ఆ పాత క్యాలెండర్ వెతికి తీసి, పెన్ను నా చేతికిచ్చింది. ఆ తారీఖు మీద నడిచింది కొట్టేసి నడువలే అని నేనే రాసిన. ఆ ముచ్చట మళ్ల ఎన్నడు తియ్యలే అక్క. యాడి మాత్రం సంగతి తెలిసి, "మా దాని లెక్క నువ్వు సుత రెండు నెలలు ఉత్తగ తెర ముంగట కూసున్నవన్నట్టు," అని ఎత్తిపొడిచింది.

ఆ తర్వాత నేను హైదరాబాద్‌కు పోయిన. ఇయ్యాల ఒక కంపెనీల ఈ పుస్తకాలు చేసే పనికి నేనే పెద్దను. ఏ సామాను కొనాలెనని మీటింగు పెట్టినప్పుడల్ల అమ్మేటోళ్లు వచ్చి మెరిసే తెరలు చూపెడ్తరు. నేను అంత విని, "దీన్ని ఒక్క పెన్ డ్రైవ్‌ల వేసుకొని, మనది కాని మిషన్ల, ఏం ఎక్కియ్యకుంట నడిపి చూపెట్టుండ్రి," అంట. సగం మంది ఆడనే ఆగిపోతరు. మిగిలినోళ్లను, రేపు మీరు కంపెనీ మూసుకుంటే మా పుస్తకం దేంతోని తెరవాలె అని అడుగుత. మా దగ్గరి పిల్లలు దీన్ని బీర్కూర్ బస్ అనే అంటరు. బీర్కూర్ ఏడున్నదో వాళ్లకు తెల్వదు. ఈ పరీక్ష పెట్టి తీసుకున్న సామాను నన్ను ఇంతవరకు మోసం చెయ్యలే. నేను గట్టిగ చెప్పగల్గుత.

తెలుగు అక్షరాల పట్టు నేను ఇడువలే. ఫాంటు ఎక్కియ్యకుంటనే ఏ మిషన్ల అయినా తెలుగు కనవడే రోజులు వస్తున్నయని విని, నీళ్ల పుస్తకం మొత్తం తెలుగుల మళ్ల చేసి తెచ్చిన. ఈసారి మాటలు ప్రోగ్రాం లోపలనే రాసిన, వేరే కాదు. అక్క తనే బస్సెక్కి పోయింది. అప్పటి మిషన్ల అక్షరాల కాడ ఖాళీ డబ్బాలు వచ్చినయి. "ఇంకా బస్సు దిగలేదు," అని ఫోన్ చేసింది. ఇంకో రెండేండ్లకు సంఘం కొత్త మిషన్ కొన్నది. మళ్ల పోయింది. ఆనాడు ఫోన్ల మెల్లగ, మూసిన తూము నంబరు ఇక్కడ వెయ్యాలె, అని తెర మీదిది చదివింది. "ఆనాడు నీది తప్పు కాదు పిల్లా. తొందర," అన్నది. నాకు పని మీద దొరికిన మెచ్చుకోలు శానా ఉన్నయి, ఇది నాకు అన్నిటి కన్న ఎక్కువ.

అక్క పోయిన కబురు విని నేను తండాకు చేరేసరికి అంత అయిపోయింది. యాడి నన్ను పట్టుకొని, "కూసున్న కాడనే పోయింది బిడ్డా, కూసునుడు అంటే దానికి అంత ఇష్టం," అని ఏడ్చింది. నేను సుత ఏడ్చిన. వచ్చేటప్పుడు తమ్ముడు ఆ స్టీలు టిఫిన్ బాక్సు నా చేతుల పెట్టిండు. "అక్క నాకియ్యమన్నదా?" అని అడిగిన. "అనలే. కని ఇంకెవరు ఏం చేసుకుంటరు?" అన్నడు. లోపల పాత బట్ట అట్లనే ఉన్నది, దాని నడుమ అక్క పెన్ డ్రైవ్.

సక్కగ బీర్కూర్ పోయిన. గుమస్తా అన్న ఎప్పుడో పనికెల్లి దిగిపోయిండు. ఆ కుర్చీల కొత్తామె, పక్క ఊరి కోడలు, ఇదే మొదటి యాసంగి అన్నది. ఈయేడు జాబితా తీసినవా అని అడిగితే గోడ దిక్కు చూపెట్టింది. అంటించి ఉన్నది. రెండు తూములు ఒకటి చేసిండ్రంట, అది సుత సరిగ్గ పడ్డది. చివరి తూముకు దాని రోజులు దానికున్నయి.

"ఇది మార్చుడు నీకెవరు నేర్పిండ్రు?"

"ఎవరు నేర్పలే. పుస్తకంల ఉన్నది గద." ఇగ జర భయంగ నా మొఖం చూసి, "రెండు తూములు కలిపితే ఏం చెయ్యాలెనో దాంట్ల తక్కువ రాసి ఉంటే, నేను ఇంకో రెండు మాటలు లోపల రాసి పెట్టిన. వచ్చేటోళ్లకు పనికొస్తదని. తప్పా?" అన్నది.

"తప్పు కాదు," అన్న. "ఆ పుస్తకం రాసినామె తెలుసా నీకు?"

"పేరు లేదు దాంట్ల. ఎందుకు, ఎవరు?"

చెప్పబోయి, గోడ మీది జాబితా దిక్కు చూసిన. అక్క లేదు, పని నడుస్తున్నది, నడిపేటామెకు అక్క ఎవరో తెల్వదు. అక్క కోరింది అచ్చంగ ఇదే. ఇంత సక్కగ అయితదని నేను అనుకోలే, ఇంత బాధ అయితదని సుత అనుకోలే. కూసొని మొత్తం చెప్పిన, ఆమె పని ఆపి విన్నది. ఆమె రాసిన రెండు మాటలతోని కలిపి పుస్తకాన్ని పెన్ డ్రైవ్‌ల వేసుకొని, బట్టల చుట్టి, బాక్సుల పెట్టుకున్న.

వాపస్ వచ్చేటప్పుడు బస్సు నిండ జనం. పాటలు గట్టిగ పెట్టిండ్రు. స్పీకర్ కింద ఒక్క సీటు ఖాళీ ఉండె. పెన్ డ్రైవ్‌ను అయస్కాంతం ఏం చెయ్యదు, ఆ సంగతి నాకు మంచిగ తెలుసు. కూసోమ్మా అని పక్కామె జరిగింది. నేను వద్దని, బాక్సును కడుపుకు హత్తుకొని, బాన్సువాడ దాంక నిలబడే వచ్చిన.